మంగళవారం వీరభద్రులు

హల్ ఊళ్ళో హెజిల్ రోడ్డు మీద
మూతపడ్డ చేపల కొట్టు పక్కన
మెథడిస్టు చర్చి హాలు.
సాయంత్రం ఆరున్నరకి కుర్చీలన్నీ గోడవారకి జరిపి
తొమ్మిదిమందిమి చాపలు పరుస్తాం.
హీటరు ఒకటే.
దాని దగ్గర చోటు పట్టినవాళ్ళు
మిగతావాళ్ళ కళ్ళలోకి చూడరు.

నేను భక్తితో రాలేదు, భయంతో వచ్చాను.
జనవరిలో కంటికి ఆనని మంచుపొర మీద జారి
మణికట్టు విరగ్గొట్టుకున్నాక
నేలంటే నమ్మకం పోయింది.
ఎముక ఆరు వారాల్లో అతుక్కుంది.
రెండోదానికి కట్టు కట్టేవాళ్ళు లేరు.
"నిలబడ్డం నేర్చుకోవాలి" అంది ఫిజియో అమ్మాయి,
ఇరవై రెండేళ్ళుగా బడి వంటింట్లో
నిలబడే బతుకుతున్న నాతో.

"వారియర్ వన్" అంటుంది డెనీస్.
కాగితం చూసి, కూడబలుక్కుని,
"విరాబ... డ్రాసనా",
నోట్లో ఉడుకు దుంప పెట్టుకున్నట్టు.
నవ్వు ఆపుకుంటూ కుడికాలు ముందుకేస్తాను.

నాకు తెలిసిన వీరభద్రుడు వేరు.
మా మేనత్త పెళ్ళి సంబరంలో
వీరణం మోగుతుంటే
చిన్నతాత కత్తి తిప్పుతూ
శరభ శరభ అని గంతేస్తే
పందిరి గుంజలు వణికాయి.
దక్షుడి తల తెగే చోటికి ఖడ్గం చదవడం రాగానే
నేను అమ్మ కొంగులో దూరాను.
జడ పెరికి నేలకేసి కొడితే పుట్టినవాడు,
ఒంట్లో కోపం తప్ప ఎముక లేనివాడు.

ఇక్కడి వీరుడికి డెనీస్ చెప్పేది:
భుజాలు చెవుల దగ్గర్నుంచి దింపు.
దవడ వదులు చెయ్యి.
వెనక మడమని మర్చిపోకు.
ఊపిరి తీస్తూ ఐదు లెక్కపెట్టు.
మూడుకే తొడలో నిప్పురవ్వ,
నాలుగుకి కట్టని కరెంటు బిల్లు,
ఐదుకి ఏదీ గుర్తురాదు.
ఆ ఐదు కోసమే వస్తున్నానేమో.

నా పక్క చాప వాల్టర్ స్టేథర్స్‌ది.
డెబ్బై తొమ్మిదేళ్ళు. ఐస్‌లాండ్ దాకా చేపలకి పోయిన మనిషి.
స్వెట్టర్ తియ్యడు, కళ్ళు మూయమంటే మూయడు.
కానీ రెండో వీరభద్రాసనంలో,
కాళ్ళు ఎడంగా, చేతులు బారజాపి,
ముందు వేలి కొస మీదుగా చూపు నిలిపితే
అతన్ని ఎవరూ సరిచెయ్యనక్కర్లేదు.
"దీనికో పేరు కూడానా?
మేం డెక్కు మీద నిలబడ్డం అనేవాళ్ళం.
మోకాలు బిగిస్తే సముద్రం పట్టుకుపోతుంది.
కెరటం కేసి చూడకు,
ఆకాశం ఆనే గీత చూడు."

ఆ హాల్లో నాకు ఆనే గీత
టీ కప్పుల అలమర అంచు.
ఏప్రిల్ అంతా దాన్నే చూశాను.

మూడోది మాత్రం ఎవరికీ లొంగదు.
ఒంటికాలి మీద ఒళ్ళంతా బల్లలా వాల్చడం.
డెనీసే ఊగుతుంది.
వాల్టర్ వచ్చి నా మీద పడ్డాడు,
నేను లైబ్రరీ ప్యాట్రీషియా మీద పడ్డాను.
కుప్పలో అడుగున ఎవరో పగలబడి నవ్వుతున్నారు.
నేనే.
నేల నేననుకున్నంత దూరంలో లేదు.

లాభమేమిటని మా ఆయన అడుగుతాడు.
గ్రేవీ గిన్నె దించితే నడుం పట్టెయ్యడం లేదని చెప్పాను.
మెట్లెక్కుతూ కూడా పోట్లాడగలుగుతున్నానని
అతనే కనిపెట్టాడు.

నిన్న బస్సులో సీటు దొరకలేదు.
ఆసుపత్రి మలుపులో డ్రైవరు బ్రేకు తొక్కాడు.
కమ్మీ కోసం చెయ్యి లేచేలోపే
కాళ్ళు వాటంతటవే ఎడమయ్యాయి,
వెనక మడమ దిగింది,
మోకాలు మెత్తబడింది.
బస్సంతా ముందుకి ఒరిగి లేచింది.
నేను అద్దంలోంచి ఎక్కడో
హంబర్ నది ఆకాశాన్ని తాకే చోటు చూస్తున్నాను.
చేతులు మాత్రం బారజాపలేదు.
పక్కావిడ ఒళ్ళో వేడివేడి చిప్స్ పొట్లం ఉంది.