రెండు వేళ్ళ సందు

మురకంబట్టు దాటినాక, పాత ఇనుము గోదాము పక్కన
దొరసామి మేస్త్రీ షెడ్డు.
చెంగల్రాయులు గారి డాడ్జి కారు ఆడికొచ్చిన పొద్దు
నాకు పదహారు నిండలేదు.

ఎనిమిది సిలిండర్లు. ఎడం పక్క స్టీరింగు.
బానెట్టు ఎత్తితే లోపల ఒక మనిషి పడుకోవచ్చు.
మామిడి గుజ్జు డబ్బుతో మద్రాసులో ఎవరి దగ్గరో కొన్నాడంట.
మా స్పానర్లు ఒక్కటీ పట్టలేదు,
అది అంగుళాల బండి,
మేం మిల్లీమీటర్ల మనుషులం.

జబ్బు ఇది:
మొగిలి ఘాట్లో ఎక్కుడు కాడ
ఆయన తొక్కింది కొంచెం, బండి ఉరికింది చాలా.
"నేను కాలు తీసేసినా నైనా, అది తియ్యలేదు"
అని చెప్పి, నమ్మమేమోనని
చెప్పుతో సహా కాలెత్తి చూపించినాడు.
తాళం తిప్పి ఆపినాడంట,
పిట్టగోడకు జానెడు దూరంలో.

మేస్త్రీ మాట్లాడలేదు.
ఫిల్టరు మూత మీద తోతాపురి కాయ ఒకటి పెట్టి
నన్ను లోపల కూర్చోమన్నాడు.
"బ్రేకు వదలొద్దు. గేరెయ్. ఇప్పుడు రేసు, మెల్లగా."

ఇంజను లేచింది.
పలమనేరు అడివిలో పడుకున్న ఏనుగు పక్కకు తిరిగినట్టు
ఎడం భుజం ఎత్తి, కుడి భుజం దించి.
కాయ దొర్లి కుడి చక్రం కాడ పడింది.
నా కాలి కింద పెడలు
నన్నడక్కుండానే లోపలికి పోయింది.
"తాళం! తాళం!"

నిశ్శబ్దంలో రేడియేటరు గుడగుడలాడింది.
"చూసినావా," అన్నాడు, కాయ తుడుచుకుంటూ,
"చక్రాన్ని తిప్పే బలమే ఇంజన్ని ఎదురు తిప్పతాది.
కింద రబ్బరు తెగింది, పట్టుకునేదానికి ఏమీ లేదు.
అది లేచేకొద్దీ రేసు కమ్మీని లాగతాది,
కమ్మీ లాగేకొద్దీ అది ఇంకా లేస్తాది."

ఆ రబ్బరు మద్రాసులో లేదు, బెంగుళూరులో లేదు.
ఇనుప దిమ్మెలు కోసి బిగించినాం.
కాయ కదల్లేదు, నిజమే.
కానీ అద్దంలో వెనక రోడ్డు రెండుగా కనిపించింది,
డోరు గుబ్బ ఊడి ఒళ్ళో పడింది,
చెంగల్రాయులు గారి కట్టుడు పళ్ళు
పూతలపట్టు దాకా టకటకలాడినాయంట.
మూడో నాడు ఎగ్జాస్టు గొట్టం చీలింది.
"ఈడ కదలనీకపోతే ఇంకోచోట కదుల్తాది,"
మేస్త్రీ గొణుక్కుంటా
తను బిగించింది తనే ఊడబెరికినాడు.
ఆ రాత్రి అన్నం ముట్టలేదు.
నేను తిన్నాను.

మళ్ళీ రబ్బరే. లారీ టైరు కోసి, పొర మీద పొర.
దానికి తోడుగా
మామిడి లారీ వెనక తలుపు గొలుసు ఒకటి,
ఎడం హెడ్డు బోల్టు నుంచి ఛాసిస్ దాకా.
లాగి బిగించబోతే నా చెయ్యి మీద ఒకటిచ్చినాడు.
గొలుసు వదులులో రెండు వేళ్ళు దూర్చి
"ఇంత సందు. తగ్గనీకు, పెరగనీకు."
ఆ రెండిట్లో ఒకటి సగం వేలు,
ఎప్పుడో ఫ్యాను బెల్టు తినేసింది,
మొండి కొస కాయ కాసి లావుగా ఉండేది.
అందుకే ఆ కొలత ఎంతో
ఈ పొద్దుకీ నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేను.

మొగిలి ఘాట్లో నేనే తోలినాను, ఆయన పక్కన.
మొదటి మలుపులో తొక్కంగానే
కింద నుంచి ఒకే ఒక్కసారి, ఠంగు.
గొలుసు సాగింది, నిలిచింది.
అప్పుడు వెనక చక్రాలు రోడ్డును పట్టుకున్నాయి,
సీటు నా వీపును నెట్టింది.
కాలు తీస్తే బండి ఆగింది. మళ్ళీ తొక్కినాను. మళ్ళీ తీసినాను.
మేస్త్రీ ఘాటు ఎక్కేదాకా కళ్ళు తెరవలేదు,
వింటాండాడో, భయపడినాడో.

కాయ ఆయన ఒళ్ళోనే ఉండింది,
దెబ్బ తగిలిన పక్క నల్లబడి.
పలమనేరు బస్టాండు కాడ ఉప్పూకారం అడుక్కొచ్చి,
చాకు లేక, స్క్రూడ్రైవరుతో చీల్చుకోని
బానెట్టు మీద కూర్చోని తిన్నాం.
అంత కాలింది బానెట్టు,
అయినా లెయ్యలేదు.