కొంచెం ఆట

పాత గాజువాకలో తుక్కు కొట్టు కామేసు
మారుతీ వ్యాను వైపర్ మోటారు నా చేతిలో పెట్టి
"వానలు వెనకబట్టాక ఇదెందుకు?" అన్నాడు.
దెయ్యానికి, అన్నాను.
మూడొందలు చెప్పినవాడు రెండొందల ఎనభైకి దిగి
ఇంకేమీ అడగలేదు.

మల్కాపురంలో మా అపార్ట్‌మెంటు పిల్లలు
అక్టోబరు ఆఖరి రాత్రి మొహాలకి రంగులు పూసుకుని
గుమ్మం గుమ్మానికీ చాక్లెట్లకి వస్తారట.
సెక్రటరీ లిఫ్టులో కాగితం అంటించాడు:
భయపెట్టవచ్చును. ఏడిపించరాదు.
ఆ రెండింటికీ మధ్య ఎన్ని మిల్లీమీటర్లో
రాయలేదు.

ఎముకలు పీవీసీ పైపులు.
ఒంటికి, హార్బర్లో అడిగి తెచ్చిన చిరుగుల వల.
మూడుసార్లు సర్ఫులో నానబెట్టినా
తేమ తగిలితే చాలు, వంజరాన్ని తలుచుకుంటుంది.
తలకాయ, పూర్ణా మార్కెట్లో కొన్న దిష్టిబొమ్మ మొహం:
కోరలు, మీసం, గడ్డం దాకా నాలుక.
మా నూకరత్నం నడుం మీద చెయ్యేసుకుని
"ఇంట్లోకి ఏదీ రాకుండా కట్టీవోళ్ళం దీన్ని.
ఇప్పుడిదే ఒచ్చీసినాదేటి?" అంది.

ముప్పై ఒక్కేళ్ళు షిప్‌యార్డులో ఫిట్టర్ని.
స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద, పిడి చెవికి ఆనించి
ఎక్కడ ఆట ఉందో వినేవాణ్ణి.
వెంట్రుకవాసి ఆట చాలు,
నడిసముద్రంలో ఓడ దగ్గుతుంది.
ఆట తీసెయ్యడమే నా ఉద్యోగం,
షిమ్ము వేసో, బుష్షు మార్చో, పక్కవాణ్ణి తిట్టో.

అలవాటు ఎక్కడికి పోతుంది?
చెయ్యి పైకి. చెయ్యి కిందికి. చెయ్యి పైకి.
జంక్షన్లో ట్రాఫిక్ పోలీసుకి కూడా
అంత క్రమశిక్షణ ఉండదు.
వాచ్‌మన్ సన్యాసి కూతురు దేవుడమ్మ
మెట్ల మీద కూచుని మూడు చుట్లు చూసింది.
నాలుగో చుట్టు ఎప్పుడు లేస్తుందో
ముందే వేలెత్తి చూపించేసింది.
"దెయ్యం కాదు తాతా. మిసను."

ఆ రాత్రి నిద్ర లేదు.
డాబా మీద నేనూ, పన్నెండు వోల్టుల బ్యాటరీ.
దూరంగా డాల్ఫిన్ నోస్ దీపం
తిరుగుతోంది, లెక్క తప్పకుండా.
దాన్ని చూసి ఎవడూ జడుసుకోడు,
ఇంటి దారి పట్టుకుంటాడు.

తెల్లారగట్ల, మోచేతి బోల్టు
పావు చుట్టు వదిలాను.
మొదటిసారి, కావాలని.

చెయ్యి లేచింది.
సగంలో ఆగింది,
ఏదో గుర్తొచ్చినట్టు.
ఇంకా లేవనా అని ఎవరినో అడుగుతున్నట్టు.
ఆ తర్వాత, ఎప్పుడని చెప్పలేం,
తలుపు వైపు జారింది.

పండగ రాత్రి పదహారు మంది వచ్చారు.
నల్ల కోటు పిల్లాడు చెవి రిక్కించి
"అంకుల్, మోటారు సౌండ్ వస్తోంది" అంటూ ఉండగానే
చెయ్యి ఆగింది.
వాడి చాక్లెట్లు రెండో అంతస్తు దాకా దొర్లాయి.
పిల్లలెవరూ ఏడవలేదు.
తన్విక్ వాళ్ళ నాన్న కేక పెట్టాడు గానీ
తండ్రుల సంగతి కాగితంలో లేదు.
దేవుడమ్మ మూడు వేషాల్లో మూడుసార్లు వచ్చింది.
ముసుగులు వేరు, చెప్పుల్లేని కాళ్ళు ఒకటే.
మూడుసార్లూ ఇచ్చాను.
చివరిసారి నా లుంగీ కొస పట్టుకుని,
గాల్లో ఆగిన ఆ చేతిని చూస్తూ, గుసగుసగా:
"ఏటి ఆలోసిస్తంది తాతా?"

రాత్రి మూడింటికి దాహమేసి లేచాను.
గుమ్మం అవతల సన్నగా కిర్రుమంటోంది.
స్విచ్చి ఆపడం మర్చిపోయాను.
పదమూడో నంబరు స్పానరు, పావు చుట్టు,
నా చేత్తోనే. తెలుసు.
కిటికీలోంచి చూస్తూ ఉన్నాను.
లేచింది.
సగంలో ఆగింది.

మంచినీళ్ళ గ్లాసుతో లేచిన
నా చెయ్యి కూడా.