జుమ్మా నాడు, పాత రోడ్డు

వారంల ఆరు రోజులు ఈ గుట్ట మీదికి
నీళ్ళ ట్యాంకర్ తోలుత.
జుమ్మా నాడు సైకిల్.

సిల్హెట్‌కు ఎల్లిపోయేముందు షఫీకుల్
ఎనిమిది రియాళ్ళకు ఇచ్చిండు.
బెల్లు లేదు. కొట్టినా ఇనేటోడెవడు?
చైనుకు నా తలనూనే.

నిజ్వా దాటినంక
కొత్త రోడ్డు వాదీ పొంట ఉరుకుతది.
పాతది మాత్రం రుమాలు చుట్టినట్టు
గుట్టను చుట్టుకుంట ఎక్కుతది,
దాని మీద నేనూ, నా నీడ.

చైను పన్ను జారితె
ఆ సప్పుడు ఎదురుగుట్టకు తాకి మళ్ళొస్తది.
నా ఊపిరి నాకే ఇనబడుతుంటె
జర సిగ్గయితది.

నాలుగో మలుపు కాడ దిగి నడిపిస్త.
పందెమేమన్న ఉన్నదా.

ట్యాంకర్ల ఉంటె ఇక్కడ ఫస్ట్ గేరు,
ఎడమదిక్కు లోయ, చెమట పట్టిన అరచేతులు.
గంతే ఎరుక.
రోడ్డు పక్కనే జానెడు ఫలజ్ కాలువ
ఇన్నేండ్లూ నా ఇంజను కింద
మాట్లాడుకుంట పారుతున్నదట.
నీళ్ళు మోసేటోణ్ని,
నీళ్ళ సప్పుడు ఇనలే.

పైన ఖల్ఫాన్ ముసలాయన
కర్ర నీడ చూసి నీటి వంతు లెక్కగడుతుండు.
నన్ను ఎగాదిగా చూసి
"ట్యాంకర్ ఏది?" అన్నడు అరబ్బీల.
"నిద్రపోతుంది" అన్న.
సగం పగిలిన దానిమ్మ చేతిల పెట్టిండు.
మా తూము కాడ గూడ ఇట్లనే వంతులు,
ఇంతకు పదింతల తిట్లు.

దిగేటప్పుడు తొక్కుడే లేదు.
బ్రేకు రబ్బర్లు కుయ్యిమంటున్నయి.
నడిమిట్ల మేకపిల్ల పండుకున్నది.
హారన్ కోసం చెయ్యి పోయింది, 
ఏదీ లేదు.

కాలు కింద పెట్టి
అది లేచేదాక నిలబడ్డ.