వంశధార ఒడ్డున వారసుల పత్రం

గుణుపురం తహసీలు ఆఫీసు ప్రహరీ పక్కన
టార్పాలిన్ కింద నా బల్ల.
ముప్పై రెండేళ్లుగా జనాల వంశవృక్షాలు గీస్తున్నాను,
ఆఫీసుకి ఒడియాలో, ఇంటికి తెలుగులో.

నిన్న లిపిక చార్టు తెచ్చి పరిచింది.
తొమ్మిదో తరగతి. గ్రీకు దేవుళ్లట.
"నా స్కేలు ఇరిగిపోయింది తాతా,
నీ సెయ్యి తిన్నగా గీస్తాది."

మూలపురుషుడెవరే అంటే
"పురుషుడు కాదు, ఖాళీ. కేయాస్" అంది.
తండ్రి పేరు? లేదు. గ్రామం? లేదు.
అలాంటివి ఏడాదికి రెండైనా వస్తాయి నాకు.
అడ్డగీత పెట్టి కిందికి దిగాను.

నేలతల్లి గాయా, ఒంటరిగా ఆకాశాన్ని కని
ఆ ఆకాశాన్నే కట్టుకుంది.
కొడుకు గడిలో ఉన్నవాణ్నే మొగుడి గడిలోనూ రాస్తుంటే
టీ గ్లాసు దించిన దండాసి
"బాబూ, ఈ కేసు తేలదు" అనేసి పోయాడు.

కొడవలి పట్టిన క్రోనస్ తండ్రిని కోశాడు.
సముద్రంలో పడ్డ ముక్క చుట్టూ నురుగు,
నురుగులోంచి ఒక ఆడపిల్ల.
తల్లి పేరు?
"నురుగనే రాసెయ్" అంది పెన్సిల్ కొరుకుతూ.

ఆ క్రోనసే పుట్టినవాళ్లని పుట్టినట్టు మింగాడు.
ఐదుగురు.
ఆరోవాడికి బదులు గుడ్డలో చుట్టిన రాయి.
మళ్లీ కక్కినప్పుడు రాయి ముందు, హెస్టియా ఆఖరు.
మొదట పుట్టింది ఆవిడే.
పెద్దరికం ఏ తేదీ నుంచి లెక్క?

తర్వాత అన్నదమ్ములు చీట్లు వేసుకున్నారట.
జ్యూస్‌కి ఆకాశం, పొసైడన్‌కి సముద్రం,
హేడిస్‌కి పాతాళం. నేల ఉమ్మడి.
ఉమ్మడి నేలంటే ఏమిటో నన్నడగాలి.
పద్మపురం సాహుల ముప్పై డెసిమిల్
పదకొండేళ్లుగా ఈ సంచీలోనే ఉంది.

"మరి అప్పచెల్లెళ్లు ముగ్గురున్నారు కదే, వాళ్ల వాటా?"
పుస్తకం ముందుకి తిప్పింది, వెనక్కి తిప్పింది.
"హెస్టియాకి పొయ్యి ఇచ్చారు తాతా."

మా నాన్న పోయిన ఏడు
నా చేత్తోనే గీసిన చెట్టులో
మా అక్క సన్నెమ్మ గడి లేదు.
ఆఫీసు అడగలేదు. నేను ఇచ్చిన రాయిని
గుటుక్కున మింగి ముద్ర వేసింది.
అక్క కాశీనగరంలో ఇప్పటికీ
పొద్దున్నే గొట్టంతో పొయ్యి ఊదుతుంది.
వెళ్లినప్పుడల్లా నాకే ముందు వడ్డిస్తుంది.

"తాతా, ఈ నాలుగో గడి ఎవలిది?"
చూస్తే, హెస్టియా పక్కన ఇంకోటి గీసి ఉంది.
"ఖాళీ" అన్నాను.
"కేయాస్ పైన రాసేశాం కదా" అని
రబ్బరు వెతుకుతోంది లిపిక.
ఇంకుతో గీశాను, పోదు.