చెప్పు దాటి

సిరొంచ బస్టాండు గోడకు ఆనుకొని
గోనెసంచి పరుచుకొని కూసుంటడు మా నాయిన, దుర్గం బక్కయ్య.
ఆరె, సూది, మైనం పూసిన దారం,
డబ్బా నీళ్ళల్ల నానుతున్న తోలు ముక్క.
ఆయన వెనక, గోడ నీడల, నేను
తలాఠీ పరీక్షకు ఇంగ్లిషు మాటలు బట్టీ పడుతూ.

పుస్తకం అడవి శాఖ రేంజరుది.
బదిలీ అయి పోతూ పోతూ
రెండు జతల బూట్ల బాకీ కింద ఇచ్చిపోయిండు.
నాయిన చేతులతోనే తూకం చూసిండు.
"కిలోన్నర ఉంటది, తీస్కో."
అట్ట ఊడితే తోలు పెట్టి కుట్టిండు,
చెప్పుకు వేసే కుట్టే, రెండు పేటలు.

నా నోటుబుక్కుల మూడు గళ్ళు.
మొదటిది ఇంగ్లిషు.
రెండోది మరాఠీ, బడి ఇచ్చింది,
ప్రతి అర్థానికీ ముందు "మ్హణజే" అంటది.
మూడోది తెలుగు. చాలాసార్లు ఖాళీ.
ఇంట్ల మాట్లాడుతం గని ఎవరూ నేర్పలే.
అచ్చరాలు నాకు వంతెన దాటి వచ్చే
కాళేశ్వరం బస్సుల బోర్డుల మీద అబ్బినయి.

స్క్రూపుల్.
తప్పు చేయబోతే మనసుల గుచ్చుకునేది, అన్నది మరాఠీ.
రేంజరు పుస్తకం ఇంకా లోతుకు దిగింది:
పుట్టుకల అది, చెప్పుల దూరిన చిన్న పదునైన రాయి.
చదివి వినిపిస్తే
చేతిలున్న బూటు తిరగేసి దులిపిండు నాయిన.
ఉత్త ఇసుక రాలింది.
"పెద్దోళ్ళ బూట్లల్ల ఎన్నడూ దొరకలే" అన్నడు.

సెస్క్విపెడేలియన్.
అడుగున్నర పొడుగు మాట.
"ఎవని అడుగు?"
దానికి పుస్తకంల జవాబు లేదు.

అల్ట్రాక్రెపిడేరియన్.
మూడుసార్లు నాలిక మడత పడ్డది.
మ్హణజే, తనకు తెల్వని దాంట్ల తల దూర్చేటోడు.
కింద సన్న అచ్చరాలల్ల కథ:
ఏ దేశంలనో, ఏ కాలంలనో, ఒకాయన బొమ్మ గీసి వాకిట్ల పెట్టిండట.
చెప్పులు కుట్టేటోడు వచ్చి
చెప్పుకు ఒక ముడి తక్కువున్నది అన్నడట.
దిద్దిండట.
తెల్లారి వాడే మళ్ళొచ్చి కాలు సంగతి ఎత్తితే
చెప్పు దాటి పైకి రాకు అన్నడట.
ఆ మాటకు పుట్టిన మాట ఇది.

చదువుడు ఆపిన.

పోయిన బుధవారం గ్రామసభల
ప్రాణహిత ముంపు కొలతలు చదువుతుంటే
నాయిన లేచిండు.
"టేపు సాగింది సార్,
ఒడ్డు కాడ మూడడుగులు తక్కువ పడుతుంది."
పొద్దు లేస్తే కొలిచే చేతులాయె.
కుర్చీలున్నాయన నవ్విండు:
"నువ్వు చెప్పుల సంగతి చూస్కో, బక్కయ్యా."
ఆయన ఈ పుస్తకం తెరిచి ఉండడు.
అయినా అదే మాట,
ఇన్ని వందల ఏండ్లు నడిచి,
ఇంతన్న అరగకుంట మా ఊరు చేరింది.

వినిపియ్యాల్నా, వద్దా?
వినిపించిన.
నాయిన దారం పంటితోని తెంపిండు.
"కాలు తెల్వకుంట చెప్పెట్ల కుడ్తరే?"
ఇంకో కుట్టు వేసి అడిగిండు:
"ఇంతకు ఆ బొమ్మ కాలు నిజంగనే వంకరున్నదా? రాసిండ్రా?"
రాయలే.
రెండువైపులా తిరగేసి చూసిన. రాయలే.

ఆ రాత్రి కరెంటు వచ్చినంక
మూడో గడిల ఒక్క మాట రాసిన.
చెప్పు.
కాలికి తొడిగేది, నోరు తెరువుమనేది
మాకు రెండూ ఒక్కటే.
చెప్పు దాటి చెప్పకు అంటే
మా భాషల ఆ వాక్యం నిలబడదు,
తన కాలే తొక్కుకొని బోర్లా పడుతది.
పరీక్షల ఈ మాట వస్తదో రాదో.

రేపు కొలతలోళ్ళు మళ్ళొస్తరట.
నాయిన పాత బెల్టులన్నీ కలిపి కుట్టి
ఒక పొడుగు పట్టీ చేస్తున్నడు,
అడుగు అడుగుకూ ఆరెతోని తూటు పొడుస్తూ.
"ఎవని అడుగు, నాయినా?"
తలెత్తలే.
పగుళ్ళ మడమ పట్టీ మొదట్ల ఆనించి
బొటనవేలు కాడ గురుతు పెట్టిండు.