పది నిమిషాలకోసారి

మొదటి నెల అవి నన్ను చూసి పారిపోయాయి.
రెండో నెల కొమ్మల మీద నిలబడి పళ్లికిలించాయి.
మూడో నెల, మన్ననూరు గేటు దాటి
ఫర్హాబాద్ దారిలో ఎండిన వాగు మలుపు దగ్గర
ఏడో నంబరు ఆడ కొండెంగ
నా వైపు ఒక్కసారి చూసి
తునికి చిగురు తెంపుకోవడానికి తల తిప్పుకుంది.

ఆ రోజు నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను:
"ఇవాళ నన్ను పట్టించుకోలేదు."
రాత్రి ఫోన్లో చెబితే
మా మేడమ్ పార్టీ ఇవ్వాలంది.
దేవరకొండ నుంచి అమ్మ మాత్రం
"ఎవరే పట్టించుకోనిది?" అని గాబరా పడింది.

పని ఇదీ:
పది నిమిషాలకోసారి చేతి గడియారం కూస్తుంది.
కంటికి కనబడ్డది ఏం చేస్తున్నదో
ఒక్క అక్షరం రాయాలి.
తింటే తి. కూర్చుంటే కూ.
ఒకదాని వీపులో ఒకటి పేలు చూస్తే పే.
మూడు నిమిషాల ముందు జరిగిన కొట్లాట,
రెండు నిమిషాల తర్వాత పుట్టిన పిల్ల
ఏ గడిలోనూ పట్టవు.
కూసినప్పుడు అన్నీ కునుకుతుంటే
అడవి మొత్తం నిద్రపోయినట్టే లెక్క.

ఉడతనూరి బయన్నకు గడియారం లేదు.
నా ముందు పది అడుగుల దూరంలో నడుస్తాడు,
ఎండుటాకు కూడా ఆయన కింద నోరెత్తదు.
నా నంబర్లు ఆయనకు ఎక్కవు.
ఏడును వంకతోక అంటాడు.
పన్నెండును అప్పులది అంటాడు,
ఎప్పుడూ ఎవరో ఒకరి ముందు చెయ్యి చాపి ఉంటుందని.
"నువ్ రాసింది వానకాలం దాకా ఉంటదా?"
అని అడిగాడొకసారి.
ప్లాస్టిక్ కవర్ చూపించాను.
చాలాసేపు నవ్వాడు.

ఏప్రిల్ పద్దెనిమిది. నాలుగూ పది.
ఇప్పపూలు అయిపోవచ్చాయి, మొర్రికాయ ఇంకా పచ్చి.
నల్లమద్ది కింద నేను,
పైన పదహారు తోకలు వేలాడుతూ.
తి, తి, కూ, పే, తి.

నాలుగూ పద్నాలుగు.
వంకతోక లేచి నిలబడింది.
సూటిగా నా వైపే.
రాయి మీద రాయి కొట్టినట్టు గొంతులోంచి
ఖర్, ఖక్కర్, ఖక్.
పదహారు తోకలూ ఒక్కసారే పైకి పోయాయి.

నాకు ముందు వచ్చింది భయం కాదు, సిగ్గు.
మూడు నెలల పని ఒక్క చున్నీతో పాడు చేశానని,
ఆ పసుపు రంగు వద్దని పొద్దున్నే అనుకున్నానని.
"నేనే, నేనే" అన్నాను మెల్లగా.
ఇంత చదువు చదివి
కొండెంగకు నన్ను నేను పరిచయం చేసుకున్నాను.

బయన్న నా మోచెయ్యి పట్టి పక్కకు లాగాడు.
అప్పుడు, నా వెనక బోదగడ్డి
గాలి లేకుండానే ఒక పక్కకు వంగి, లేచింది.
అంతే.
నేను చిరుతను చూడలేదు.
చూశానని రాయను.

వాగు ఇసుకలో, పొద్దున నేను వేసిన
బూటు అచ్చు మీద
నాలుగు వేళ్ల అడుగు. గోళ్ల గుర్తుల్లేవు.
అంచుల నుంచి ఇసుక ఇంకా జారుతోంది.

తిరిగొస్తూ అన్నాను,
"ప్రాణం కాపాడింది బయన్నా."
ఆయన అరచేతిలో తంబాకు నలుపుతూ
"నీకు చెప్పలే" అన్నాడు.
"దాని పిల్లకు చెప్పింది.
చూసిన పో, అని చిర్తకు గూడ చెప్పింది.
నువ్వు నడుమల ఉన్నవ్, గంతే."

రాత్రి గదిలో, కరెంటు పోతూ వస్తూ ఉండగా
లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను.
నాలుగూ పది: తి, తి, కూ, పే, తి.
నాలుగూ ఇరవై: కనబడలేదు, కనబడలేదు,
పదహారు సార్లు కనబడలేదు.
ఈ రెండు వరుసల మధ్య ఒక సన్నటి గీత.
దాని మీద వేలు పెట్టి కాసేపు కూర్చున్నాను.

మరునాడు మళ్లీ అక్కడే, బురద రంగు చొక్కాలో.
వంకతోక ఒక్కసారి చూసి తల తిప్పుకుంది.
ఎర్ర పెన్ను తీయలేదు నేను.
దాని చూపు నా మీది నుంచి ఎటు పోతోందో
మెల్లగా అటే తిరిగి కూర్చున్నాను.
గడియారం కూసింది.
తి.