ఖల్లివల్లి

హసావిల మా బిల్డింగుకు లిఫ్టు లేదు.
ఐదో అంతస్తు, ఒక్క అర్రల పదకొండు మందిమి.
రాత్రి పది గొట్టంగ నేనొక గోలి మింగుత.
"షుగరా, మల్హరన్నా?" అంటడు రాయచోటి ఓబులేసు.
షుగరే, అంట.
డబ్బీల దూది కుక్కిన, గోలీలు సప్పుడు చెయ్యకుంట.

మూడేండ్ల కింద సెలవుకు వోతే జరం ఇడువలే.
జగిత్యాల దవఖానల నెత్తురు తీసి,
పక్క అర్రలకు పిలిచి, తలుపు దగ్గరేసిండ్రు.
తలుపు దగ్గరేస్తనే సగం సమజైంది.
ఐదు నెలలు గోలీలు మింగినంక
కాయిదం చేతికిచ్చిండ్రు: కనబడలేదు.
లేదని రాయలే.
కనబడలేదని రాసిండ్రు.

మళ్ల ఒచ్చిన. వీసా ఉండె, అప్పు సుత ఉండె.
కఫీలు కొత్త కాయిదాలకు మెడికల్ అన్ననాడు
పాలకని చెప్పి బయటికి నడిచిన.
ఆ దినం సంది ఖల్లివల్లి.
పగలు పండుత. అర్ధరాత్రి మండీ హోటల్ల
మనిషంత గిన్నెలల్లకు దిగి తోముత.

సుభాషిణి మేడం గొంతు ఫోన్ల ఒస్తది,
మూడు నిమిషాల వాయిసు, వెనుక ఫ్యాను కిర్రుమంట.
"గోలి దాన్ని పెరగనియ్యదు మల్హర్,
కని పండుకున్నదాన్ని ఏమనదు.
పేగులల్ల, మెడకింది గడ్డలల్ల
కొన్ని కణాలల్ల దూరి ఏండ్లకేండ్లు పంటది.
గోలి ఆపినవంటే లేస్తది."
నవ్వొచ్చింది నాకు.
పని చెయ్యదు, కదలదు, కాయిదం లేదు,
అయినా లోపట్నే ఉంటది.
అసొంటోన్ని ఈడ ఏమంటరో నాకెరుక మేడం.

దాన్ని తుడిచెయ్యాలని పెద్ద సదువులోళ్లు
యాడాడనో ల్యాబులల్ల కొట్లాడుతున్నరట.
కొందరంటరట, ముందుగాల లేపాలె.
లేస్తే జాడ దెలుస్తది, అప్పుడు సంపాలె.
లేపుడైతే లేపిండ్రట కొన్నిటిని,
సచ్చుడు మాత్రం కాలేదట.
ఇంకొందరంటరట, లేపకుండ్రి,
బయటికెళ్లి గొళ్లెం వెట్టుండ్రి, ఎన్నటికీ లేవద్దు.

లేపుడంటే ఏందో నేను జూసిన.
మొన్న రంజాన్ ముంగట, రాత్రి మూడింటికి
కింద గేటు కాడ బూట్లు,
మెట్ల మీద టార్చిలైట్లు.
తలుపు తలుపుకు: యల్లా, బతాకా!
పండినోన్ని లేపి, లేచినోన్ని లెక్కగట్టి
వ్యానెక్కిచ్చిండ్రు.
నేను మిద్దె మీద నీళ్లట్యాంకుల సందుల,
తౌజు దుమ్ము పండ్లల్ల కరకరమంట,
బనీను లోపట డబ్బి.
దూది పుణ్యాన సప్పుడు లేదు.
నా లోపట అది, బిల్డింగు మీద నేను,
ఇద్దరం ఒక్కటే ఊపిరి బిగవట్టినట్టు.
జాలి అననుగాని,
దానికి నేనే హసావి.

ఓబులేసును తీస్కపోయిండ్రు.
వానికి బతాకా ఉండె, తారీకు రెండు దినాలు దాటింది.
వాని చెప్పులు దర్వాజ కాడ ఇంకా ఉన్నయి,
పది జతల నడుమ. ఎవ్వలు తియ్యలే.

మేడం ఇంకో ముచ్చట చెప్పింది.
అది పండేది యాదివెట్టుకునే కణాలల్లనట.
చిన్నప్పటి టీకాలు, మూడో తరగతిల పోసిన తట్టు,
ఒంటికి ఒచ్చిపోయినయన్ని మర్వకుంట దాస్తయట అవి.
గంపగుత్తగ సంపితే ఒళ్లు అన్నీ మరుస్తదట.
నా తట్టు, నా టీకాలు, ఇది,
ఒక్క అర్రల.

"అన్నిటిని లేపే మందు నిజంగ ఒస్తే
నువ్వు తీస్కుంటవా మల్హర్?" అని అడిగింది.
రికార్డు చేసిన. కొట్టేసిన.
మళ్ల చేసిన, అందుట్ల ఓబులేసు పేరొచ్చింది, కొట్టేసిన.
ఆఖరుకు రాసి పంపిన:
అరవై ఉన్నయి మేడం. కోరుట్ల గంగారాం
పై నెల ఒస్తుండు, వానికియ్యుండ్రి.
దూది సుత జర పెట్టుండ్రి.